చివరి సీటు ఎవరిది? సర్వర్ ప్రోగ్రామర్లకు నేర్పవలసిన అసలు పాఠం

ప్రోతరాపూర్ (దక్షిణ అండమాన్): కార్ నికోబార్ వెళ్లే ఓడలో ఒకే ఒక్క సీటు మిగిలి ఉంది. ప్రోతరాపూర్‌లో ఒకరు, హడ్డోలో మరొకరు ఒకే క్షణంలో ఆ సీటును ఆన్‌లైన్‌లో కోరారనుకుందాం. ఇద్దరి ఖాతాల నుంచీ సొమ్ము తగ్గి ఒక్కరికే టికెట్ వస్తే? ఇద్దరికీ టికెట్లు వచ్చి, రేవులో ఒక్కరికే చోటుంటే? తదుపరి ఓడ కోసం రోజుల తరబడి వేచి ఉండవలసిన దీవుల్లో ఇది చిన్న అసౌకర్యం కాదు. ఈ ప్రశ్నలకు సమాధానం తెరపై కనిపించే పేజీలో ఉండదు. దాని వెనుక సర్వర్‌లో పనిచేసే ప్రోగ్రామ్ భాగాల్లో ఉంటుంది. వాటిని రాయడంలో యువతకు ఇచ్చే శిక్షణ ఎలా ఉండాలన్నదే ఇక్కడి విషయం.

సర్వర్ భాగం చేసే పని

పెద్ద సంస్థల అప్లికేషన్లలో సాధారణంగా మూడు అంచెలు ఉంటాయి. మొదటిది వినియోగదారుడు చూసే తెర, చివరిది సమాచారాన్ని భద్రపరిచే డేటాబేస్. సంస్థ నియమాలన్నీ మధ్య అంచెలో ఉంటాయి. సీటు ఖాళీగా ఉందా, ఛార్జీ ఎంత, రాయితీ ఎవరికి, రద్దు చేస్తే ఎంత తిరిగి ఇవ్వాలి అన్నవి తేల్చేది ఆ అంచెలోని భాగాలే. సీటు కేటాయింపు, చెల్లింపు నమోదు, టికెట్ జారీ అనే పనులు అన్నీ పూర్తి కావాలి. లేదా ఒక్కటీ జరగనట్టే ఉండాలి. ఈ నియమానికి కట్టుబడిన పనుల సమూహాన్నే లావాదేవీ అంటారు.

జావాలో వచ్చిన మార్పులు

ఈ భారాన్ని ప్రతి ప్రోగ్రామరూ విడిగా మోయనవసరం లేకుండా 1998లో సన్ మైక్రోసిస్టమ్స్ ‘ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్’ ప్రమాణాన్ని విడుదల చేసింది. ప్రోగ్రామర్ సంస్థ నియమాలను మాత్రమే రాస్తే చాలు. లావాదేవీలు, భద్రత, ఏకకాల వినియోగం వంటివి సర్వర్‌లోని ‘కంటెయినర్’ చూసుకుంటుందన్నది దాని ఉద్దేశం. అయితే తొలి రూపాల్లో చిన్న పనికి సైతం అనేక ఫైళ్లు రాయవలసి వచ్చేది. ఆ క్లిష్టతకు ప్రత్యామ్నాయంగా ఎదిగిన స్ప్రింగ్ తొలి పూర్తి రూపం 2004లో వెలువడింది. 2006లో వచ్చిన ఈజేబీ 3.0 కూడా చాలా సరళమైంది. 2017లో ఒరాకిల్ సంస్థ ఈ సాంకేతికతను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు ప్రకటించింది. అదే నేటి ‘జకార్తా ఈఈ’. పేర్లు మారినా, చివరి సీటు సమస్య మాత్రం మారలేదు.

శిక్షణలో లోపం ఎక్కడ?

ఈ విద్యకు తెలుగు నేలపై చిరునామా హైదరాబాద్‌లోని అమీర్‌పేట. మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ కేంద్రాలలో కొన్ని నెలల్లో జావా నేర్చుకుని ఉద్యోగాలు పొందిన తెలుగు యువత దేశవిదేశాల్లో ఉన్నారు. తక్కువ ఖర్చు, వేగం ఆ విధానపు బలాలు. అయితే ఇంటర్వ్యూ ప్రశ్నలే లక్ష్యమైనప్పుడు ‘ఎలా రాయాలి’ అన్నది వస్తుంది, ‘విఫలమైతే ఏమవుతుంది’ అన్నది మిగిలిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. చెల్లింపు విఫలమైందని తెలిపేందుకు విద్యార్థి ‘చెక్డ్ ఎక్సెప్షన్’ వాడాడు. లోపం తలెత్తింది కాబట్టి అంతవరకు జరిగినదంతా దానంతటదే రద్దవుతుందని భావించాడు. కానీ ప్రత్యేకంగా సూచించనిదే ఈజేబీ, స్ప్రింగ్ రెండూ ఆ రకం లోపానికి లావాదేవీని రద్దు చేయవు. ఫలితంగా సొమ్ము అందకపోయినా సీటు నిండినట్టే నమోదవుతుంది. రెండో చిక్కు ఇంకా లోతైనది. డేటాబేస్‌లో మార్పులను రద్దు చేసినంత మాత్రాన బ్యాంకు నుంచి కదిలిన సొమ్ము వెనక్కి రాదు. దానికి వేరుగా వాపసు ప్రక్రియ రాయాలి.

దీవుల నుంచి చూస్తే

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి నూరు మందిలో 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. పహర్‌గావ్‌లోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సాంకేతిక సంస్థ స్థానికంగా ఇంజినీరింగ్ విద్యను అందిస్తోంది. ఒకప్పుడు దీవుల ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడింది. 2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్‌తో, ఓడెక్కి ప్రధాన భూభాగానికి వెళ్లకుండానే పాఠాలు వినడం, దూరంలోని సర్వర్లపై సాధన చేయడం సులభమయ్యాయి.

బలహీన నెట్‌వర్క్‌ను ఎరిగిన విద్యార్థికి ఒక అనుకూలత కూడా ఉంది. అభ్యర్థన పంపాక జవాబు రాకపోతే మనిషి మళ్లీ మీట నొక్కుతాడని అతనికి అనుభవంతో తెలుసు. అందుకే ప్రతి అభ్యర్థనకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే మళ్లీ సొమ్ము తీసుకోకుండా పాత ఫలితాన్నే పంపాలన్న సూత్రం అతనికి త్వరగా బోధపడుతుంది.

నేర్చుకోవలసిన క్రమం

ముందుగా జావా, ఎస్‌క్యూఎల్ పునాదులు గట్టిపడాలి. తరువాత లావాదేవీలను, ఒకే వరుసను ఇద్దరు మార్చబోతే డేటాబేస్ ఏం చేస్తుందన్న విషయాన్ని చేతితో రాసి పరీక్షించాలి. ఆ తరువాతే స్ప్రింగ్ లేదా జకార్తా ఈఈ వైపు వెళ్లాలి. అప్పుడు కంటెయినర్ తన తరఫున చేస్తున్న పని విద్యార్థికి అర్థమవుతుంది.

చివరి పరీక్షకు పెద్ద ప్రాజెక్టు అవసరం లేదు. ఒక సీటు, ఇద్దరు ప్రయాణికులు, మధ్యలో తెగిపోయే నెట్‌వర్క్ చాలు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్కరికే టికెట్ వచ్చి, రెండోవారి సొమ్ము భద్రంగా ఉంటే ఆ శిక్షణ ఫలించినట్టే.