దూలానికి వేలాడిన గ్రంథము

మీ ఇంట పరిశుద్ధ గ్రంథము ఎక్కడ ఉంటుంది? కొందరి ఇళ్లలో గాజు అలమరలో ఉంటుంది. కొందరి ఇళ్లలో తలగడ ప్రక్కన ఉంటుంది. భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు, అడవి అంచున ఉన్న ఒక కోయ విశ్వాసుల ఇంట, ఎలుకలు కొట్టకుండా గుడ్డసంచిలో పెట్టి దూలానికి వేలాడదీసి ఉండగా చూశాము.

సాయంకాలం మనవరాలు దానిని దించి తెలుగులో ఒక అధ్యాయం చదివింది. అవ్వ కళ్లు మూసుకొని విన్నది. తరువాత అవ్వ ప్రార్థించింది, కోయ మాటలలో. ఆమె ఏమని ప్రార్థించిందని మనవరాలిని అడిగాము. తనకు సగమే తెలిసిందని ఆ పిల్ల సిగ్గుపడింది. అవ్వను అడిగితే, చదివినదానిలో తనకూ సగమే అర్థమైందన్నది.

ఒకే ఇల్లు, ఒకే గ్రంథము. అయినా ఎవరికీ సగానికి మించి అందలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఈ ప్రాంతానికి సువార్త నిన్న మొన్న వచ్చినది కాదు. గోదావరిలో పడవలు నడిపించే పనుల కోసం దుమ్ముగూడెం వచ్చిన ఇంజనీరు హేగ్ దొర, 1860 ప్రాంతంలో కోయల మధ్య సువార్త పనికి పునాది వేశాడు. ఆయన కచేరీలో ఉద్యోగి అయిన ఐ. వెంకటరామరాజు క్రీస్తును నమ్మి, ఈ పల్లెలలో సేవచేసి, తరువాత గురువుగా అభిషేకం పొందాడు. 1871లో నదిమీది పనులు ఆగిపోయాయి గాని సువార్త పని ఆగలేదు.

ఆ తరువాతి కాలంలో ఇక్కడ పనిచేసిన జాన్ కెయిన్ దొర ముందుగా విన్నాడు. కోయల మాటలు, ఆచారాలు వ్రాసుకొని, 1876 మొదలు ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గూర్చి ప్రచురించాడు. 1909లో థర్‌స్టన్ వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో కోయల అధ్యాయం కెయిన్ వ్రాతలను ఎంతగానో ఆధారం చేసుకొన్నది. సువార్త కోసం నేర్చుకొన్న భాష పండితులకు సైతం ఉపయోగపడింది. 19వ శతాబ్దం ముగియకముందే సువార్త భాగాలు కోయలో అచ్చయ్యాయి.

మనమూ ఒకప్పుడు ఆ అవ్వవంటి వారమే. విశాఖపట్నంలో దే గ్రాంజ్ దొర, ఆనందరాయరు కలిసి చేసిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. పూర్తి తెలుగు బైబిలు రావడానికి 1854 వరకు ఆగవలసి వచ్చింది. ఇతరుల ఓపిక వలన మనకు దొరికిన దానిని మన పొరుగువారికి అందించే ఓపిక మనకుందా?

సరిహద్దుల సంగతి చూడండి. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం కారణంగా 7 మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. కోయలు ఆ రెండు రాష్ట్రాలలోనే గాక ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో కూడా ఉన్నారు. ఒకచోట బడిలో తెలుగు అక్షరాలు, ఒకచోట ఒరియా, మరొకచోట నాగరి. ఒక లిపిలో అచ్చయిన పుస్తకం గట్టు దాటితే మూగబోతుంది. చెవికి మాత్రం లిపి అక్కరలేదు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో జనులు తమ తమ భాషలలో విన్నారే గాని చదువలేదు కదా! సెల్‌ఫోను ప్రతి గూడేనికి చేరుతున్న ఈ రోజులలో, కోయలో చదివి వినిపించే గొంతు ఉంటే చాలు.

ఆ గొంతు ఎక్కడినుండో రానక్కరలేదు. తెలుగులో అధ్యాయం చదివిన పిల్ల, ‘అవ్వా, దీనిని మన మాటలో ఎట్లా చెబుతావు?’ అని అడిగితే చాలు. అవ్వ తడుముకుంటూ చెబుతుంది, పిల్ల దిద్దుకుంటూ నేర్చుకుంటుంది. అక్కడ సేవచేసే బోధకులు, ఉపాధ్యాయులు ముందుగా శ్రోతలు కావాలి.

మరునాడు బయలుదేరేముందు ఆ పిల్లతో ఈ మాటే చెప్పాము. ఆమె సంచి దించింది. అవ్వ ఆమె ప్రక్కకు జరిగి కూర్చుంది.

మన ఇళ్లలోని గ్రంథము కూడా ఈ రాత్రి క్రిందికి దిగునుగాక!