ఎడారి తొండ: సాండా

మన పెరటి కంచెపై తల యాడించు తొండను ఎరుగనివారు అరుదు. థార్ ఎడారిలోను, కచ్ఛ్ ప్రాంతమునను నివసించు సాండా దానికి జ్ఞాతియే. కాని తొండ పురుగులను తినును. పెరిగిన సాండా ముఖ్యముగా శాకాహారి. ఆకులు, పూవులు, గింజలు దాని మేత. దీని పొడవు తోకతో కూడ సుమారు 40 సెంటీమీటర్లు.

సాండా గట్టినేలలో వంకరగా బొరియ త్రవ్వుకొని ఒంటరిగా నుండును. ఉదయమున దాని ఒడలు నల్లనై ఎండవేడిని త్వరగా గ్రహించును. వేడి హెచ్చిన కొలది రంగు తేలిపోవును. రాత్రివేళ బొరియ వాకిలిని మన్నుతో మూసికొనును. చలికాలమంతయు లోపలనే నిద్రించును. శత్రువు బొరియలో జొరబడినచో ముండ్లతోకతో కొట్టును. ఆ తోక మొదట నిలువయుండు కొవ్వే మేత లేని నెలలలో దానిని బ్రతికించును.

విచిత్రమేమనగా, ప్రాణము నిలుపు ఆ కొవ్వే దాని ప్రాణము తీయుచున్నది. కీళ్ళనొప్పులు పోవుననియు, పుంస్త్వము హెచ్చుననియు చెప్పి వీధులలో అమ్ము సాండా నూనె దానినుండి తీసినదే. వేటగాండ్రు బొరియలు త్రవ్వి, పారిపోకుండ దాని వెన్ను విరిచి కొనిపోవుదురు. ఆ నూనె యందు ఏ మహిమయు లేదు. అది ఇతర జంతువుల కొవ్వు వంటిదే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి సాండాను పట్టుటయు అమ్ముటయు నేరము. గ్రద్దలకు, డేగలకు, ఎడారి నక్కలకు సాండా ఆహారము. అది నశించినచో వాని బ్రతుకును కష్టమగును. చట్టము వేటగాని చేతిని పట్టుకొనగలదు. కొనువారు లేనినాడు ఆ చేయి లేవనే లేవదు.