ప్రార్థనలో కన్నీళ్లు ఎందుకొస్తాయి? ఏడుపు రాకపోతే భక్తి లేనట్టేనా?

ఫోన్‌లో ఉపవాస ప్రార్థనల వీడియోలు చూసేవాళ్లకు ఒక దృశ్యం బాగా అలవాటే. చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటారు. కింద కామెంట్లలో సగం మంది ఆమెన్ అంటారు, మిగతావాళ్లు నాటకం అంటారు. ఇంతకీ క్రైస్తవ విశ్వాసంలో ఈ కన్నీటికి అర్థమేంటి?

బైబిల్‌లో ఏడుపు సిగ్గుపడే విషయం కాదు. లాజరు సమాధి దగ్గర యేసే ఏడ్చాడు. కాసేపట్లో అతన్ని బతికించబోతూ కూడా ఏడ్చాడు! అంటే అది నమ్మకం లేక వచ్చిన ఏడుపు కాదు, పక్కవాళ్ల దుఃఖం చూసి వచ్చింది. పేతురు కన్నీళ్లు వేరు. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకాక, కోడి కూసినప్పుడు బయటికెళ్లి కుమిలిపోయాడు. అది పశ్చాత్తాపం. చర్చిలో వినిపించే ఏడుపులో ఈ రెండూ కలిసే ఉంటాయి.

తెలుగు చర్చిలకు ఈ భావాన్ని పాటల్లో ఇచ్చిన తొలితరం కవి పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. అంటే టెక్కలి, పలాసలకు దగ్గరే. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆయన కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో ఉన్నాయి, ఇప్పటికీ పాడుతున్నారు.

ఇక అక్కుపల్లి వైపు తీరానికి వస్తే, ఉద్దానంలో కన్నీళ్లకు కారణాలు వెతకక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటి, కొడుకుల్లా పెంచుకున్న కొబ్బరి చెట్లను, జీడి తోటలను పడగొట్టేసింది. కిడ్నీ వ్యాధి అంతకుముందు నుంచే ఊళ్లను తినేస్తోంది. ఇలాంటి బాధ కోసమే బైబిల్‌లో విలాప కీర్తనలు ఉన్నాయి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు అవే. "ఎందుకిలా చేశావు?" అని దేవుణ్ణే నిలదీసే మాటలు వాటిలో ఉంటాయి. విశ్వాసి అలా అడగొచ్చు, తప్పేం లేదు.

అయితే ఒక జాగ్రత్త. ఏడ్చాక మనసు తేలికపడుతుంది కానీ ఒంట్లో క్రియాటినిన్ తగ్గదు. ప్రార్థన చేయించుకున్నాం కదా అని డయాలసిస్ మానేస్తే ప్రాణాలకే ముప్పు. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబర్‌లోనే ప్రారంభమైంది. వారాల తరబడి ఆగకుండా ఏడుపొస్తుంటే, నిద్ర పట్టకపోతే అది డిప్రెషన్ కావచ్చు. పాస్టర్‌తో పాటు డాక్టర్‌నీ కలవాలి.

మరి కన్నీళ్లు రానివాళ్ల సంగతి? "నీకు రావట్లేదంటే విశ్వాసం తక్కువ" అని పక్కనున్నవాళ్లు అంటే నిజంగానే కుంగిపోతారు. దీనికి బైబిల్‌లో ఆధారం లేదు. బట్టలు కాదు, హృదయాలు చింపుకోమన్నాడు యోవేలు ప్రవక్త. ఉపవాసం ఉన్నామని పదిమందికీ తెలిసేలా ముఖం వేలాడేసుకోవద్దని యేసు చెప్పాడు. 4వ శతాబ్దపు సన్యాసి ఎవాగ్రియస్ ఇంకో అడుగు ముందుకేశాడు. కన్నీళ్ల కోసం ప్రార్థించమంటూనే, వచ్చాక వాటిని చూసుకుని గర్వపడొద్దని హెచ్చరించాడు. అప్పటికి ఫోన్ కెమెరాలు లేవు!

గుడ్ ఫ్రైడే నాడు చాలా చర్చిల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. వాటిలో నాలుగోది, నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రిని అడిగిన కేక. అది 22వ కీర్తన మొదటి మాట. అదీ ఒక విలాప కీర్తనే.