ప్రాత అగ్గిపెట్టెల జన్మస్థాన నిర్ణయము

శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో ప్రాత దుకాణముల అటకలపై అగ్గిపెట్టెల కంపెనీ చెక్కపెట్టె యొకటి లభించినచో, అది యెచ్చటిది, ఏనాటిది అను ప్రశ్న పుట్టును. లోపలి చిన్నపెట్టెల చీటిపై హిందూ దేవతా చిత్రమున్నచో అవి స్వదేశ నిర్మితములని పలువురు తలంతురు. ఇది సరికాదు. స్వీడను, జపాను దేశముల కర్మాగారములు మనవారి కొఱకై మన దేవతల బొమ్మలనే అచ్చువేసి పంపినవి. కావున బొమ్మ కొనువానిని సూచించునే గాని చేసినవానిని సూచింపదు.

చీటిపై నుండు పతకముల సంవత్సరములును ఇట్టివే. స్వీడనులోని యోన్‌షోపింగ్ పట్టణపు లుండ్‌స్ట్రోమ్ సోదరుల అగ్గిపుల్లలకు 1855లో పారిస్ ప్రదర్శనమున పతకము లభించెను. అట్టి పతకములను కంపెనీలు ఏండ్లతరబడి ముద్రించుచుండెడివి. కనుక ఆ సంవత్సరము పెట్టె వయస్సునకు పూర్వపు హద్దు మాత్రమే.

1922లో దిగుమతి సుంకము గ్రోసునకు, అనగా 144 పెట్టెలకు, రూపాయి ఎనిమిది అణాలయ్యెను. మఱుసటి యేడు స్వీడిష్ మూలధనముతో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ యేర్పడెను. అదే కాలమున, కలకత్తాలో పని నేర్చివచ్చిన అయ్య నాడారు, షణ్ముగ నాడారులు శివకాశిలో ఈ పరిశ్రమను నెలకొల్పిరి. కాబట్టి భారతదేశమున తయారైనదను మాట తయారైన చోటును తెలుపునే గాని, యాజమాన్యమును తెలుపదు. ఎక్సైజు సుంకపు పట్టీ అతికియున్నచో ఆ పెట్టె 1934 చట్టమునకు తరువాతిది. నయాపైసలలో ధరయున్నచో 1957కు పూర్వపుది కానేరదు.

ఇక బయటి చెక్కపెట్టె సంగతి. దానిపై భీమునిపట్టణము, కళింగపట్టణము, విశాఖపట్టణము అని యున్నచో అవి సరుకు చేరిన రేవులు కావచ్చును. పుట్టిన చోట్లని యెంచరాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ముద్రయున్నచో, ఆ కంపెనీ ఈ తీరపు మార్గమును చేపట్టిన 1902కు తరువాత ఆ పెట్టె యిట ప్రయాణించినదనవచ్చును. చికాకోల్ అను రూపము శ్రీకాకుళమునకు ఆంగ్లేయుల కాలమున వాడుకలో నుండెడిది. అయినను చెక్కపెట్టెలు మరల మరల వాడబడునవి. అందుచే పెట్టెను, చీటిని, పన్నుపట్టీని వేర్వేఱుగా పరీక్షించి, వేర్వేఱుగా నమోదు చేయవలెను. చీటిని తడిపి ఊడదీయుటకు ముందే అది యున్న స్థితిని ఛాయాచిత్రమున భద్రపఱచుట మంచిది.

ఇది కేవలము సేకరణాభిరుచికి సంబంధించిన విషయము కాదు. ఒక్క బొమ్మను నమ్మి స్థానిక నిర్మితమని వ్రాసినచో, లేని పరిశ్రమ యొకటి మన మండల చరిత్రకెక్కును. ఉన్న రేవు వ్యాపార చరిత్ర మఱుగుపడును. ఒక్కొక్క యాధారము ఒక్కొక్క హద్దునే యిచ్చును. ఆ హద్దులన్నియు కలసిన చోటనే నిర్ణయము చేయదగునని మా యభిప్రాయము.