మట్టి కాని మట్టి... మన చేతికి హలాల్ రోజీ

ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) మెడలోని హారం పోయింది. అది ఆమె సొంతం కాదు. అక్క అస్మా (రజి) దగ్గర అడిగి తెచ్చుకున్నది. దాన్ని వెదకడం కోసం దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రయాణం ఆపారు. వెంట ఉన్న జనమంతా ఆగిపోయారు. ఆగిన చోట నీళ్లు లేవు, ఎవరి దగ్గరా నీళ్లు మిగలలేదు. హజ్రత్ అబూబకర్ (రజి) వచ్చి కుమార్తెను మందలించారు. ఆ సందర్భంలోనే, నీళ్లు దొరకనప్పుడు పరిశుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చన్న దైవాదేశం అవతరించింది. తీరా బయలుదేరేందుకు ఒంటెను లేపితే హారం దాని కిందే దొరికింది!

తయమ్ముమ్ గురించి చెప్పేటప్పుడు ఉలమాలు ఈ సంఘటనను తప్పక ప్రస్తావిస్తారు. ఇందులో మనకు మరో పాఠం కూడా ఉంది. ఒక స్త్రీ మెడలోని హారమే కదా అని ఎవరూ తీసిపారేయలేదు. అరువు తెచ్చిన వస్తువు అమానత్. దాన్ని వెదకడం కోసం ఒక సమూహమే ఆగింది. నగ చిన్నదైనా దాని వెనుక ఉన్న బాధ్యత చిన్నది కాదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, కొన్నేళ్లుగా మన ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని పూసలు, జుంకీలు, దండలు తయారుచేయడం నేర్చుకుంటున్నారు. వాటికి వాడే సరుకు పేరు పాలిమర్ క్లే. తిరుపతి వంటి ఊరికి పూసలు కొత్త కాదు. యాత్రికులు తిరిగే బజారుల్లో తులసిపూసల దండల నుంచి పగడాలు, ముత్యాలు అని చెప్పి అమ్మే దండల వరకు వరుసగా వేలాడుతూనే ఉంటాయి. మన ఇళ్లలోనూ నికాహ్‌నాడు పెళ్లికూతురి మెడలో నల్లపూసల లచ్ఛా వేసే ఆనవాయితీ చాలా కుటుంబాల్లో ఉంది. అది ఆచారమే తప్ప ధార్మిక విధి కాదు. అయినా పూసతో మనకున్న అనుబంధం అలాంటిది. మరి ఈ కొత్త సరుకు ఏమిటి? దీనితో ఇల్లు కదలకుండా నాలుగు రూపాయలు సంపాదించవచ్చా? షరీఅత్ దృష్టిలో గమనించవలసినవేమిటి?

పేరుకే మట్టి

క్లే అంటే మట్టి. కానీ పాలిమర్ క్లేలో మట్టి పాలు చాలా తక్కువ. కొన్ని రకాల్లో అసలే ఉండదు. నీళ్ల పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తటి పొడిగా చేసి, దాన్ని మృదువుగా ఉంచే నూనెలాంటి ద్రవం, రంగులు కలిపి ముద్ద చేస్తారు. గాలికి ఆరిపోదు. వేడి తగిలినప్పుడే గట్టిపడుతుంది.

దీని పుట్టుకలోనూ ఒక స్త్రీ చేయి ఉంది. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపొందిన కేథె క్రూసే కుమార్తె సోఫీ రేబిండర్ క్రూసే ఈ రకం ముద్దతో ప్రయోగాలు చేశారు. ఆ సూత్రాన్ని 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ తీసుకుంది. ఆమె ముద్దుపేరు ఫీఫీ. ఆ పేరును మొజాయిక్ అనే మాటతో కలిపి ఈ సరుకుకు ఫిమో అని పేరు పెట్టారు. అమెరికాలో 1960లలో వచ్చిన స్కల్పీ కూడా ఇలాంటిదే.

మనకు తెలిసిన రెండు సరుకులతో పోల్చితే విషయం ఇంకా తేలిక. చిత్తూరు జిల్లా పలమనేరు టెర్రకోట అసలైన మట్టి. నీళ్లతో పిసికి, ఆరబెట్టి, బట్టీలో కాలుస్తారు. హైదరాబాద్‌లో చార్మినార్‌కు పడమటి వైపున్న లాడ్ బజార్‌ లక్కగాజులకు వాడేది లక్క పురుగులు చెట్ల కొమ్మలపై స్రవించే జిగురు. వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడిచేస్తే మళ్లీ కరుగుతుంది. ఆ వేడి లక్కను సాగదీసి, గాజుగా వంచి, రాళ్లు పొదిగే పనిలో తరతరాలుగా ముస్లిం కుటుంబాలున్నాయి. స్త్రీలు ఇళ్లలోనే ఆ పని చేస్తారు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. పాలిమర్ క్లే ఈ రెండింటికీ భిన్నం. తక్కువ వేడిలో ఒకసారి గట్టిపడితే మళ్లీ ముద్ద కాదు.

పూస చేసే విధానం

ముద్దను చపాతీ పిండిలా బాగా పిసకాలి. చేతి వెచ్చదనానికి అది మెత్తబడుతుంది. మరీ జిగటగా ఉంటే రెండు తెల్లకాగితాల మధ్య కొంతసేపు ఉంచండి, ఎక్కువగా ఉన్న నూనెను కాగితం పీల్చుకుంటుంది. తర్వాత బల్లమీద సమానమైన కడ్డీలా దొర్లించాలి. పక్కన స్కేలు పెట్టి ఒకే కొలతకు ముక్కలు కోయాలి. ఇలా కోస్తేనే పూసలన్నీ ఒకే సైజులో వస్తాయి. ఒక్కో ముక్కను అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పి, కాసేపు చల్లబడనిచ్చి, సూదితో మెల్లగా తిప్పుతూ బెజ్జం వేయాలి. ఒక వైపు నుంచి సగం, మరో వైపు నుంచి సగం పొడిస్తే అంచులు చిరగవు.

పూల డిజైన్ కావాలంటే రంగురంగుల కడ్డీలను పక్కపక్కన పేర్చి ఒకే కడ్డీగా నొక్కి, సన్నగా సాగదీస్తారు. ఎక్కడ కోసినా అదే పువ్వు కనిపిస్తుంది. ఆ పలుచని బిళ్లలను పూసపై అతికించి దొర్లిస్తే సరి.

10 మిల్లీమీటర్ల పూసకు సుమారు ఒక గ్రాము సరుకు పడుతుంది. బజారులో దొరికే 57 గ్రాముల చిన్న ముద్దతో 33 పూసల తస్బీహ్ ఒకటి పూర్తయి ఇంకా మిగులుతుంది.

కాల్చే వేడి కంపెనీని బట్టి మారుతుంది. ఫిమోకు 110 డిగ్రీల సెల్సియస్, అరగంట. స్కల్పీకి సుమారు 130 డిగ్రీలు. పెట్టె మీద రాసిందే ప్రమాణం. మొదటిసారి మా ఇంట్లో చేసినప్పుడు ఓవెన్ మీటను నమ్ముకున్నాం. లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ ఉంది. తెల్లపూసలు గోధుమరంగుకు తిరిగాయి, ఇల్లంతా ఘాటు వాసన. అప్పటి నుంచి లోపల పెట్టే థర్మామీటరు లేకుండా ఆ పనికి పోవడం లేదు. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు, వచ్చాక మళ్లీ కాల్చుకోవచ్చు. గ్యాసు మంట మీద గానీ, మైక్రోవేవ్‌లో గానీ పెట్టకండి.

చల్లారాక సన్నటి నీటి గరుకు కాగితంతో రుద్దితే నునుపు వస్తుంది. మెరుపు కోసం గోళ్లరంగు పూయవద్దు. అది పూసను జిగటగా మార్చేస్తుంది. రాయలసీమ ఎండల్లో సరుకును కిటికీ దగ్గర ఉంచితే కాల్చకముందే గట్టిపడుతుంది. నీడలో, చల్లటి చోట దాచాలి.

వంటింటి హద్దు

ఇది తప్పక పాటించవలసిన విషయం. ఈ పనికి వాడిన పళ్లెం, కత్తి, అప్పడాల కర్ర, గవ్వల చెక్క మళ్లీ వంటకు వాడకూడదు. ఓవెన్ కూడా వేరుగా ఉంటే మేలు. వేడి హద్దు మీరి సరుకు మాడితే పీవీసీ నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. కళ్లు, గొంతు మండుతాయి. కిటికీలు తెరిచి ఉంచాలి. చిన్నపిల్లలను, గర్భిణులను ఆ సమయంలో దూరంగా ఉంచాలి. పాతరకం సరుకుల్లో థాలేట్లు అనే రసాయనాలు వాడేవారు. పిల్లల వస్తువుల్లో వాటిలో కొన్నింటిపై అమెరికా 2008లో చట్టం చేసింది. కొనేటప్పుడు థాలేట్లు లేవని పెట్టె మీద ఉందో లేదో చూడండి. పేరూ ఊరూ లేని చవక సరుకు పిల్లల చేతికి ఇవ్వవద్దు.

పని ముగించగానే చేతులు సబ్బుతో కడగాలి. గోళ్ల సందుల్లో ముద్ద అంటుకుని ఉంటే వుజూ నీళ్లు అక్కడికి చేరవు. అజాన్ వినగానే హడావుడిగా లేవకుండా ముందే గోళ్లు చూసుకోండి.

ఏ ఆకారాలు?

చిలుక జుంకీలు, బొమ్మ లాకెట్లు కావాలని అడిగేవారు ఉంటారు. ప్రాణుల రూపాలు చేయడాన్ని ఎక్కువమంది ఉలమాలు అనుమతించరు. బొమ్మలు చేసి బతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరకు వచ్చినప్పుడు, చేయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేనివాటిని చేసుకొమ్మని ఆయన సూచించారు. బతుకుతెరువు మూసేయలేదు, దారి మళ్లించారు. ఆకులు, తీగలు, పూలు, నెలవంక, జాలీ నమూనాలు. మన మసీదు గోడల మీది అల్లికలు చూస్తే చాలు, ఏడాదికి సరిపడా డిజైన్లు దొరుకుతాయి.

దాచకుండా అమ్మాలి

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. పాలిమర్ క్లేతో పగడాన్ని, ఫిరోజాను, ఏనుగుదంతాన్ని అచ్చంగా అనుకరించవచ్చు. కొన్నవారికి తేడా తెలియదు. మట్టినగ అని చెబితే పర్యావరణానికి మేలని సంతోషంగా కొనేవారూ ఉన్నారు. పలమనేరు మట్టికి, ఈ ప్లాస్టిక్ ముద్దకు మధ్య తేడా తెలిసింది అమ్మేవారికే.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. అలాగైతే తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాదని స్పష్టం చేశారు. గమనించండి, ధాన్యం తడవడం తప్పు కాలేదు. దాచడమే తప్పయింది.

పాలిమర్ క్లే ప్లాస్టిక్ కావడం తప్పు కాదు. దాన్ని మట్టి అని, పగడం అని అమ్మడమే తప్పు. ఒక చిన్న చీటీ మీద 'పాలిమర్ క్లే, ఒక రకం ప్లాస్టిక్, చేత్తో చేసినది' అని రాసి దండకు కట్టండి. ఒకరిద్దరు కొనకుండా వెళ్లిపోవచ్చు. కొన్నవారు మళ్లీ వస్తారు. బరకత్ అంటే అదే కదా!

సంపాదన ఎవరిది?

ప్రవక్త (స) సతీమణి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) చేతిపని తెలిసిన మనిషి. తోళ్లు పదునుపెట్టి, కుట్టి, వచ్చినదాన్ని దానం చేసేవారు. తన తర్వాత మీలో ముందుగా నన్ను కలుసుకునేది పొడవైన చేయి గలవారని ప్రవక్త (స) అంటే, సతీమణులు నిజంగానే చేతులు కొలుచుకున్నారు. జైనబ్ (రజి) మరణించాక అర్థమైంది, పొడవు అంటే దానగుణమని. శ్రమించిన చేయే పొడవైన చేయి అయింది.

స్త్రీ సంపాదించినది ఆమెదేనని దివ్య ఖుర్ఆన్ 'అన్నిసా' సూరాలో తేల్చి చెప్పింది. ఇల్లు గడపవలసిన బాధ్యత భర్తదే. పూసల డబ్బులు వస్తున్నాయి కదా అని ఆ బాధ్యత ఆమె మీదికి జారకూడదు. ఆమె ఇష్టపడి ఇంట్లోవారికి ఖర్చు పెడితే అది వేరు. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) ఈ సంగతే అడిగించుకున్నప్పుడు, అందుకు రెట్టింపు పుణ్యం ఉందని ప్రవక్త (స) తెలిపారు. ఒకటి బంధుత్వానికి, ఒకటి దానానికి.

లెక్క రాసుకోవడం మరవకండి. సరుకు, దారం, కొక్కీలు, కరెంటు, పాడైన పూసలు, మీ సమయం అన్నీ కలిపాకే ధర పెట్టాలి. చాలామంది సమయం లెక్కవేయరు. నాలుగు నెలలకే విసిగి మానేస్తారు. ఇక జకాత్ సంగతి. సొంతానికి పెట్టుకునే ఈ పూసల నగలపై జకాత్ లేదు. అమ్మకానికి ఉంచిన సరుకు వ్యాపార వస్తువు. దాని విలువ, చేతిలో ఉన్న డబ్బు కలిసి నిసాబ్‌కు చేరి, చాంద్రమాన సంవత్సరం గడిస్తే నూటికి రెండున్నర వంతు జకాత్ ఇవ్వాలి. వివరాలు దగ్గర్లోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

మొదటి దండ

నేర్చుకునేవారు మొదట తస్బీహ్‌తో మొదలుపెట్టడం మంచిది. ముప్పైమూడు పూసలు ఒకే కొలతకు రావాలంటే చేయి కుదురుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టడం సున్నత్. పూసలు గుర్తు కోసం మాత్రమే.

తిరగలి విసిరి విసిరి చేతులు కాయలు కాచిన హజ్రత్ ఫాతిమా (రజి) తండ్రిని పనిమనిషిని ఇవ్వమని కోరారు. పడుకునే ముందు ముప్పైమూడుసార్లు సుబ్‌హానల్లాహ్, ముప్పైమూడుసార్లు అల్‌హందులిల్లాహ్, ముప్పైనాలుగుసార్లు అల్లాహు అక్బర్ అనుకోవడం పనిమనిషికన్నా మేలని ప్రవక్త (స) బోధించారు. పనిచేసి అలసిన చేతులకు దొరికిన కానుక అది. మీరు చేసిన తొలి తస్బీహ్‌ను అమ్మకండి. ఇంట్లో అలసిన చేతులు ఎవరివో చూసి, వారికి ఇవ్వండి. రెండోదానికి చీటీ కట్టి బజారుకు పంపండి.

మన చేతులు చేసే ప్రతి పనిలోనూ అల్లాహ్ నిజాయితీని, బరకత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.