పల్లె పిల్లల పళ్లకు పట్టింపు ఏదీ?

ఆరో ఏట వచ్చే దవడ పన్ను పోతే మళ్లీ రాదు

ఆరేళ్లు నిండేసరికి పిల్లలకు పాలపళ్ల వెనుక కొత్తగా నాలుగు దవడ పళ్లు వస్తాయి. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తాయి కనుక ఇవి కూడా పాలపళ్లేనని చాలామంది తల్లిదండ్రులు పొరబడుతుంటారు. పుచ్చినా 'ఊడి మళ్లీ వస్తుందిలే' అని ఊరుకుంటారు. నిజానికి అవి జీవితాంతం ఉండవలసిన పళ్లు.

ఈ పళ్లపై లోతైన గాడులుంటాయి. తిన్న తీపి అక్కడ ఇరుక్కుని పుచ్చు మొదలవుతుంది. పన్ను వచ్చిన కొత్తలోనే దంతవైద్యుడు ఆ గాడులను పూతతో పూడిస్తే పుచ్చును చాలావరకు ఆపవచ్చు. పట్టణాల్లో స్తోమత ఉన్నవారు ఈ పని చేయించుకోగలుగుతున్నారు. పల్లెవాసులకు మాత్రం దంతవైద్యుడి దగ్గరకు వెళ్లడమంటే బస్సు ఛార్జీతో పాటు ఒకరోజు కూలి కూడా పోయినట్లే. అందుకే లవంగ నూనె దూదితో రోజులు నెట్టి, దవడ వాచాక బయలుదేరతారు. అప్పటికి చాలాసార్లు పన్ను పీకవలసి వస్తుంది.

సగం మందికి పైగా పుచ్చుపళ్లే

2002-03లో జరిగిన జాతీయ సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో 51.9 శాతం, 12 ఏళ్ల వారిలో 53.8 శాతం, 15 ఏళ్ల వారిలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్లు ఉన్నట్లు తేలింది.

చీటీ సంచిలో ఉంటే లాభం లేదు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల్లో ఒకసారి పిల్లలను పరీక్షించాలి. అందులో పళ్ల పరీక్ష కూడా ఉంది. జబ్బు కనిపిస్తే పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. చికిత్స ఉచితం. కానీ వెంట తీసుకెళ్లేవారు లేకపోతే ఆ చీటీ పుస్తకాల సంచిలోనే మిగిలిపోతుంది.

ఇంట్లో ఇలా చేయాలి

ఇటుక పొడి, బొగ్గు పంటి పై పొరను అరగదీస్తాయి. వాటికి బదులు ఫ్లోరైడ్ పేస్టుతో ఉదయం, రాత్రి తోమించాలి. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. నురుగును మింగనివ్వరాదు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న గ్రామాల వారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పసివాళ్లను నిద్రపుచ్చరాదు.

బడిలో వైద్య పరీక్ష జరిగే రోజున తల్లో తండ్రో వెళ్లి, దవడ పళ్లు కూడా చూడమని అడగాలి. నొప్పి లేనప్పుడే చూపిస్తే పన్ను నిలిచే అవకాశం ఎక్కువ.