చిన్న చెల్లెళ్లకు ఆటలతో అక్షరాలు నేర్పుదాం

 

ప్రతి సంవత్సరం మన హాస్టల్‌లో మూడో తరగతికి కొత్త పిల్లలు వస్తారు. జగిత్యాల వైపు గూడేల నుండి, కోరుట్ల దిక్కు నుండి, సిరిసిల్ల తండాల నుండి వస్తారు. వాళ్లలో కొందరికి అక్షరాలు ఇంకా సరిగ్గా రావు. ఇండ్లల్ల చెప్పేటోళ్లు ఉండరు. మా ఇంట్ల కూడా మొదట బడికి వచ్చింది నేనే. మా అవ్వ ఎండకాలం తునికాకు కోస్తది. కట్టకు 50 ఆకులు. కల్లం కాడ ఎన్ని కట్టలు ఇచ్చిందో కార్డు మీద రాస్తరు. అది చదవరాకపోతే వాళ్లు రాసిందే లెక్క. అందుకే అక్షరం చిన్న విషయం కాదు.

అక్షరానికి మూడు ఉంటాయి. ఒకటి చప్పుడు, రెండు రూపం, మూడు పేరు. ఈ మూడింటిని కలిపి ఒకేసారి మీద వేస్తే పిల్లలు బెదురుతారు. ముందు చప్పుడు, తర్వాత రూపం, చివరకు పేరు చెప్పాలి.

ఇంగ్లీషులో అయితే పేరు వేరు, చప్పుడు వేరు అని అందరికీ తెలుసు. పేరు "సీ", కానీ "క్యాట్"లో అది క అంటుంది. పేరు "డబ్ల్యూ", చప్పుడు వ. తెలుగులో ఈ బాధ లేదు, క పేరూ క, చప్పుడూ క అనుకుంటాం. కానీ గుణింతం కాడికి వచ్చేసరికి మనకు కూడా పేర్లు ఉన్నాయి. తలకట్టు, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం ఇవన్నీ పేర్లే. చప్పుళ్లు కావు.

మా గదిలో మూడో తరగతి చెల్లె ఒకతె ఉంది. "కకు గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ" అని ఊపిరి తీసుకోకుండా గడగడ చెప్తది. ఒకరోజు నేను "కొ" మీద వేలు పెట్టి ఇదేంది అని అడిగిన. ఆమె క నుండి మొదలుపెట్టి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంట కొ దాకా వచ్చింది. "కిటికీ" అని రాస్తే చదవలేకపోయింది. ఆమెకు పేర్లు వచ్చు, చప్పుళ్లు రావు. కానీ తోటి పిల్లలు మొద్దు అన్నారు. దసరా సెలవులకు పోతే మళ్లీ రాను అని ఏడ్చింది. ఒక పిల్ల చదువు ఇట్లనే ఆగిపోతది.

అప్పటి నుండి మేము నలుగురం సాయంత్రం స్టడీ అయినాక, అన్నం గంట కొట్టే దాకా చిన్నపిల్లలతో ఆటలు ఆడుతున్నాం. అవి రాస్తున్నాను.

మొదటిది, చప్పట్ల ఆట. దీనికి పలక కూడా అక్కర లేదు. ఒక మాట చెప్పి ముక్కకో చప్పట్లు కొట్టాలి. తు-ని-కి మూడు. ఇ-ప్ప రెండు. మాటలో ముక్కలు ఉంటాయని చెవికి ముందు తెలవాలి. తర్వాత గొలుసు ఆట. ఒకరు "ఇప్ప" అంటే ఇంకొకరు "పలక", తర్వాత "కడవ", తర్వాత "వల". ఎవరి కాడ ఆగితే వాళ్లు ఒక పాట పాడాలి.

రెండవది, మన మాటల ఆట. పుస్తకంలో ఒ అంటే ఒంటె, ఓ అంటే ఓడ అని ఉంటుంది. మన పిల్లలు ఒంటెను చూడలేదు, ఓడను అసలే చూడలేదు. మేము ఒ అంటే ఒర్రె అని చెప్తాం. ఇ అంటే ఇప్పపువ్వు, ఈ అంటే ఈతపండు, ఉ అంటే ఉడుము, ఎ అంటే ఎలుగు, త అంటే తునికిపండు. బొమ్మ గీయకున్నా కండ్ల ముందర కనబడుతది. తండా పిల్లలను మీ భాషలో ఏమంటారు అని అడగాలి. వాళ్లు చెప్పిన మాట కూడా గోడ మీద రాయాలి. 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, బంజారా మొదలైన ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకు చదువు మొదలుపెట్టింది కూడా ఇందుకే. తెలిసిన మాట నుండి తెలియని అక్షరానికి పోవడం సులువు.

మూడవది, గుణింతం ఆట. ఒక పిల్ల క అవుతుంది. అట్టముక్కల మీద గుడి, కొమ్ము, ఎత్వం రాసి ముగ్గురికి ఇవ్వాలి. వాళ్లు తమ పేరు చెప్పకూడదు, చప్పుడే చెప్పాలి. గుడి "ఇ" అంటుంది, కొమ్ము "ఉ" అంటుంది, ఎత్వం "ఎ" అంటుంది. క పిల్ల "క్, క్" అనుకుంట నిలబడాలి. గుడి పిల్ల ఉరికి వచ్చి చెయ్యి పట్టుకోగానే అందరూ "కి" అని అరవాలి. కొమ్ము పట్టుకుంటే "కు". తర్వాత క తీసేసి మ, ప, త పెట్టాలి. నేను చెప్పిన చెల్లె ఇప్పుడు వేళ్లు లెక్కపెట్టకుండా కిటికీ, కుండ, తునికి చదువుతుంది. ఒత్తులు ఇంకా కష్టమే. కానీ రాను అనే మాట మానేసింది.

నాలుగవది, చేతి ఆట. మొదలే నోటుపుస్తకం, పెన్ను ఇవ్వకూడదు. ముందు గాలిలో పెద్దగా, తర్వాత ఇసుకలో వేలితో, తర్వాత పలక మీద, చివరకు పుస్తకంలో. మక్కగింజలతో అక్షరం పేర్చవచ్చు. సిరిసిల్ల నుండి వచ్చిన స్నేహితురాలు సాంచెల కాడ పారేసిన నూలుపోగులు తెచ్చింది. దారం నేల మీద వంచితే ర, గ, ల చక్కగా వస్తాయి. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా. తాటాకు మీద గంటంతో తిన్నని గీతలు గీస్తే ఆకు చీలుతుందని, అందుకే గుండ్రంగా అయ్యాయని పెద్దలు చెప్తారు. మోదుగ ఆకు మీద ముల్లుతో రాసి చూస్తే అది పిల్లలకే తెలుస్తుంది. ముగ్గులు వేసే చెయ్యి అక్షరాలకు తొందరగా తిరుగుతుంది. ఒక పోలిక ఉన్న అక్షరాలు దగ్గర దగ్గర నేర్పాలి. వ వస్తే ప, ప వస్తే ఫ, ష కష్టం కావు. మ, వు ఒక్క తీరుగ కనబడతాయి కనుక పక్కపక్కన రాసి తేడా అడగాలి. ఎడమ చేతితో రాసే పిల్లను కొట్టవద్దు, ఆమెకు అదే కుడిచెయ్యి.

ఇసుకలో రాయడం తక్కువ పని అనుకోవద్దు. అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలితో దిద్దించడం ఉంది. వెనకట మద్రాసులో ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమం చూసుకునే ఆండ్రూ బెల్ అనే దొర, మన దేశపు వీధి బడి పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తన ఆశ్రమంలో కూడా అట్లే మొదలుపెట్టి, వచ్చిన పిల్లలతోనే రాని పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. 1907లో రోమ్ నగరంలో చిన్నపిల్లల బడి పెట్టిన మాంటిస్సోరి అమ్మ గరుకు కాగితపు అక్షరాల మీద వేలు తిప్పించి చప్పుడు పలికించింది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అంటే మనం ఆడుతున్నది మన పాత వీధి బడి ఆటే.

కావున తోటి అక్కలారా, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్లం ఒక్కొక్కరం ఒక్కో చెల్లెను పట్టుకుందాం. రోజుకు అరగంట చాలు. ఎవరినీ మొద్దు అనవద్దు. వార్డెన్ మేడం గారికి మా మనవి ఏమనగా, వరండా చివర ఒక మూలకు ఇసుక పోయించి, సుద్దముక్కలు, పాత అట్టపెట్టెలు ఇప్పించగలరు. సంక్రాంతి సెలవుల లోపల మూడో తరగతి చెల్లెళ్లు అందరూ తమ పేరు, ఊరు పేరు, అవ్వ పేరు ఎవరి సాయం లేకుండా ఈ గోడ పత్రికలో రాయాలి. వాళ్ల కోసం కింది వరుస ఖాళీగా ఉంచినాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని